గాలం కన్నా ముందు ఊరిని అడుగు

మెదక్

మేనల్లుడా,

నీ ఉత్తరం అందింది. జులైలో నలుగురు దోస్తులతో వస్తామనీ, జనం పెద్దగా పోని నీళ్లు చూసి ఐదు రోజులు చేపలు పడతామనీ రాశావు. సంతోషం. గాలాలు, రీళ్లు అప్పుడే కొనేశామని కూడా రాశావు. ఏ నీళ్లో తేలకముందే గాలం కొనడమంటే, పిల్ల కుదరకముందే బాజాలు మాట్లాడుకోవడమే!

ముందు దారి చెప్తా. మన మంజీర తీరే వేరు. మహారాష్ట్రలో బాలాఘాట్ కొండల్లో పుట్టి తూర్పుకు వచ్చే ఈ నది, మన వైపు రాగానే ఉత్తరానికి మళ్లి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. నువ్వూ దాని వెంటే ఉత్తరానికి పో. మొదటి రోజు ఏడుపాయల, ఘనపురం ఆనకట్ట చూడు. రెండో రోజు పోచారం. మెదక్ నుంచి ఎల్లారెడ్డి తోవలో పదిహేను కిలోమీటర్లు ఉంటుంది. మంజీరలో కలిసే వాగుకు అడ్డంగా 1916లో మొదలుపెట్టి 1922కి కట్టిన చెరువది. తర్వాత రెండు రోజులు నిజాంసాగర్‌కు ఇవ్వు. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు అలీ నవాజ్ జంగ్ పనితనం. కట్ట మీద ఒక పూట ఊరికే నడిచినా దండగ కాదు. చివరి రోజు కందకుర్తి సంగమం.

జులై మాత్రం వద్దు. వానాకాలంలో పైన సింగూరు ప్రాజెక్టు గేట్లు ఎత్తితే ఏడుపాయల వనదుర్గమ్మ గుడిలోకే నీళ్లొస్తాయి. 2025 ఆగస్టు చివర పోచారం మీదికి ఎంత వరద వచ్చిందో నువ్వూ వార్తల్లో చూసే ఉంటావు. ఒడ్డున కూర్చున్నప్పుడు నీళ్ల రంగు మారినా, నురుగు, చెత్త కొట్టుకొచ్చినా గాలం అక్కడే పడేసి గట్టెక్కు. గాలం మళ్లీ కొనుక్కోవచ్చు.

ఇంకో కారణం ఉంది. నాకు నీ వయసున్నప్పుడు, ఒక వానాకాలం ఘనపురం కాలువ మడుగులో ఎర్రటి మబ్బులాంటిది నీటి మీద కదులుతుంటే చూశాను. దగ్గరికి పోతే వందల కొద్దీ కొర్రమట్ట పిల్లలు, ఒక్కోటి బియ్యపు గింజకన్నా కొంచెం పెద్దగా. ఒకసారి మునుగుతాయి, మళ్లీ ఒక్కటిగా తేలతాయి. పక్కనే గాలం వేశా. వేసీ వేయంగానే పెద్ద కొర్రమట్ట ఎగిరి పట్టింది. దానికి ఆకలి కాదు, పిల్లల దగ్గరికి వచ్చినదాన్ని కొరికింది. నేను సంబరంగా ఒడ్డుకు లాగాను. అంతా చూస్తున్న ముసలి బెస్తాయన "తల్లిని తీస్తివి, సాయంత్రానికి పిల్లలొక్కటి మిగలవు" అన్నాడు, అంతే. కాసేపటికే ఆ ఎర్ర మబ్బు చుట్టూ నీళ్లు చిటపటలాడాయి, మిగతా చేపలు మూగి తింటున్నాయి. ఆ రోజు కూర నాకు గొంతు దిగలేదు. కొర్రమట్ట అంటే కొర్రమీనే, ఇప్పుడు మన రాష్ట్ర చేప. వానల్లో అది సంసారం పెట్టుకునే కాలం, దాని జోలికి పోవద్దు.

ఇక అసలు మాట. చెరువులో చేప దిక్కులేనిది కాదు. ఊరి మత్స్య సహకార సంఘానిది. ముదిరాజులు, గంగపుత్రులు చేపపిల్లలు వదిలి, కాపలా కాసి, వలలేసుకుని బతుకుతారు. ఊళ్లో దిగగానే ముందు సంఘం పెద్దను కలువు. రుసుము అడిగితే బేరమాడకు. వద్దంటే నమస్తే చెప్పి ముందుకు పో. పోచారం దగ్గర అభయారణ్యం ఉంది కాబట్టి అటవీ శాఖ వాళ్లను కూడా అడగాలి. ఒప్పుకున్న చోట ఊరి మనిషినొకణ్ని కూలి ఇచ్చి వెంట తీసుకుపో. లోతెక్కడో, బురదెక్కడో, వాలుగ ఏ మడుగులో ఉంటుందో నీ ఫోన్‌లోని మ్యాపుకు తెలియదు.

ఎరలకు ఖర్చు పెట్టకు. రవ్వకు, బొచ్చెకు తవుడు కలిపిన పిండి ముద్ద చాలు. కొర్రమట్టకు, జెల్లకు ఎర్రలు మంచివి. అరచేతికి సరిపడని పిల్ల తగిలితే, చెయ్యి తడుపుకుని ముల్లు తీసి నీళ్లలో వదులు. పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటి జిగురు పోతుంది, తర్వాత బతకడం కష్టం.

మంజీరలో మొసళ్లున్నాయి. వాటి అభయారణ్యం సంగారెడ్డి వైపున్నా, మొసలికి సరిహద్దు రాయి కనబడదు కదా! పొద్దుగూకినాక నీళ్లలో కాలు పెట్టొద్దు. చేపను నీళ్లలో నిలబడి కడగొద్దు. బకెట్లో నీళ్లు తెచ్చుకుని, గట్టు మీద బండపై ఉప్పు, బూడిద వేసి రుద్దుకోండి.

ఐదు రోజులకు ఐదు చేపలు పడితే బాగా పడ్డట్టే. ఒక్కటీ పడకపోతే సంఘం వాళ్ల దగ్గరే కొనుక్కుని వండుకోండి. అందులో నామోషీ ఏమీ లేదు.

దీపావళి దాటినాక, నీళ్లు తేటపడినాక రండి. ఒకరోజు ముందు ఫోన్ చెయ్యి. మన పెరట్లో ఎర్రలు తవ్వి పెడతా.

నీ మామ