చేప పయనం, బొగ్గుపులుసు వాయువు: జంషెడ్‌పూర్ చెప్పే పాఠం

సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమస్థానాన వెలసిన జంషెడ్‌పూర్‌లో 1912లో ఉక్కు ఉత్పత్తి ఆరంభమైంది. ఆంధ్ర, వంగ, ఉత్కళ, బీహారు ప్రాంతాల శ్రామికులు అక్కడ ఇరుగుపొరుగులైనారు. భాషలు వేరైనా వారి వంటయిళ్లను కలిపిన ఆహారం చేప. కొల్లేటి పరిసరాల చెరువులలో పెరిగిన బొచ్చె, శీలావతి చేపలు మంచుగడ్డల నడుమ లారీలలో తూర్పు, ఈశాన్య రాష్ట్రాలకు తరలుతాయి.

ఇంత దూరపు రవాణాయే వాతావరణానికి ప్రధాన హాని అని తోచవచ్చు. లెక్క వేరుగా చెబుతుంది. లీటరు డీజిలు మండితే సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. పది టన్నుల చేపతో వేయి కిలోమీటర్లు సాగే లారీకి 250 లీటర్లు పడుతుందనుకుందాం. కిలో చేపకు 70 గ్రాములైనా రాదు. సముద్రంలో వేటకు మాత్రం ప్రపంచ సగటున టన్ను చేపకు 500 లీటర్ల ఇంధనం ఖర్చవుతుంది. అనగా కిలోకు 1.3 కిలోలకు పైమాటే! చెరువు చేపల విషయంలో అధికభాగం మేత తయారీ వల్ల కలుగుతుంది.

కనుక ప్రభుత్వ విధానం ఎక్కడ పనిచేయవలెనో స్పష్టమే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేట నిషిద్ధం. చేపల సంతానోత్పత్తి దీని ఉద్దేశం. మత్స్యసంపద వృద్ధి చెందితే అదే చేపకై పడవ తక్కువ దూరం తిరుగుతుంది, ఇంధనమూ ఆదా అవుతుంది. ఇందుకు భిన్నంగా, డీజిలు రాయితీ బెస్తవాని బరువు తగ్గించినా ఇంధనం పొదుపు చేయాలన్న ప్రేరణను సడలిస్తుంది.

జంషెడ్‌పూర్‌కు సమీపాననే చాండిల్ జలాశయం ఉంది. దాని ముంపులో భూములు కోల్పోయిన కుటుంబాలు సహకార సంఘంగా ఏర్పడి, 2011-12 ప్రాంతంలో మొదలైన పథకం ద్వారా నీటిలో వలపంజరాలు అమర్చి చేపలు పెంచనారంభించాయి. 2020లో వెలువడిన ప్రధానమంత్రి మత్స్యసంపద యోజన కూడా ఇట్టి పంజరాలకు సాయపడుతుంది. ఇక్కడ చేప వెంట పడవ పరుగెత్తనక్కరలేదు. అయితే మేత మితిమీరితే అడుగుకు చేరి కుళ్లి, మీథేను వాయువును పుట్టిస్తుంది. కాబట్టి పంజరం ధరలో సాయంతో పాటు మేత పొదుపులో శిక్షణ కూడా అవసరం.

జలాశయం కోసం ఒకసారి త్యాగం చేసినవారిపై వాతావరణ రక్షణ పేరిట రెండవ భారం మోపరాదు. నియమంతో పాటు జీవనోపాధికి ఆధారం చూపినప్పుడే విధానం సఫలమవుతుంది.