వాటాదారు, కార్మికుడు, బ్రాండు: వ్యాపార వివాదాల్లో ఉపాధి

మఠంపల్లి మండలంలో సాగర్ సిమెంట్స్, ఎన్‌సీఎల్ కర్మాగారాలు ఉన్నాయి. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు, కోదాడ, సూర్యాపేట బజార్లలో హోల్‌సేల్ దుకాణాలు ఉన్నాయి. వీటి యజమానులు ఎక్కువగా మూడు తగాదాలతో వకీలు గడప తొక్కుతారు. వాటాదారుతో లెక్క తెగకపోవడం, కార్మికుడికి బకాయి పడటం, బ్రాండును ఇంకొకరు వాడుకోవడం. మూడింటికీ మూలం చాలాసార్లు ఒకటే: రాయాల్సిన కాగితం సకాలంలో రాయకపోవడం. ఆ కాగితం సరిగా రాయగలవారికి ఈ ప్రాంతంలో పని ఉంది. అందులో చాలా పనులకు లా పట్టా కూడా అక్కర్లేదు.

మిల్లు పెట్టేటప్పుడు బావమరుదులో స్నేహితులో కలుస్తారు. నమ్మకం మీద నోటిమాటతో మొదలుపెట్టినా 1932 నాటి భాగస్వామ్య చట్టం దాన్ని భాగస్వామ్యంగానే గుర్తిస్తుంది. చిక్కు ఆ తర్వాత వస్తుంది. లాభాల వాటా ఎంతో తేల్చుకోకపోతే సెక్షన్ 13 ప్రకారం అందరికీ సమానమే. పొలం అమ్మి 60 లక్షలు తెచ్చినవారికీ, 20 లక్షలు పెట్టినవారికీ లాభంలో తేడా ఉండదు. సెక్షన్ 25 ప్రకారం సంస్థ అప్పు మొత్తాన్ని ఏ ఒక్క భాగస్వామి నుంచైనా రాబట్టవచ్చు. సంస్థను రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించకపోతే సెక్షన్ 69 అడ్డొస్తుంది. అరువు ఎగ్గొట్టిన వ్యాపారి మీద ఒప్పందం ఆధారంగా సంస్థ పేరున దావా వేయడానికి వీలుండదు. పెద్దమనుషుల పంచాయితీలో తేలని తగాదా కోర్టుకెక్కినప్పుడే చాలామందికి ఈ సెక్షన్ సంగతి తెలుస్తుంది.

వాటా వదులుకుని బయటికి వచ్చేవారి కాగితం మీద సుప్రీంకోర్టు 1966లో ఇచ్చిన తీర్పు ఒకటుంది: అద్దంకి నారాయణప్ప, భాస్కర కృష్ణప్పల కేసు. రెండు తెలుగు ఉమ్మడి కుటుంబాలు చెరి సగం వాటాతో ధాన్యం మర, వేరుశనగ వొలిచే వ్యాపారం నడిపాయి. ఒక కుటుంబం డబ్బు తీసుకుని వాటా వదులుకున్నట్టు కాగితం ఉంది. సంస్థ ఆస్తిలో భూములు కూడా ఉన్నాయి కాబట్టి ఆ కాగితాన్ని రిజిస్టరు చేయించాల్సిందేనా అన్నది ప్రశ్న. అక్కర్లేదని కోర్టు తేల్చింది. భాగస్వామికి ఉన్నది ఫలానా భూమిలో ముక్క కాదు, అప్పులు పోను మిగిలే సొమ్ములో వాటా అని వివరించింది. రైస్ మిల్లు లెక్కలు చూసే ప్రతి గుమస్తా ఈ తీర్పు సారాంశం తెలుసుకోవాలి.

ఇక కార్మికుల విషయం. మిల్లుల్లో హమాలీ పనికి బీహార్ నుంచి వస్తారు. 2020 మేలో లాక్‌డౌన్ నడుమ ఖగడియా నుంచి 222 మంది రైల్లో తెలంగాణకు వచ్చి మిర్యాలగూడ సహా పలుచోట్ల మిల్లుల్లో చేరారు. అలాంటివారి పేరు, జీతం, పనిచేసిన రోజులు రికార్డులో లేకపోతే ప్రమాదం జరిగిన రోజున కుటుంబానికి ఆధారమే దొరకదు. 10 మంది ఉన్నచోట ఈఎస్ఐ, 20 మంది ఉన్నచోట పీఎఫ్ వర్తిస్తాయి. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు యజమాని చెల్లించాలి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లు పాత 29 చట్టాల స్థానంలో వచ్చాయి. వీటి కింద నియామక పత్రం తప్పనిసరి. ఉద్యోగం మానిన లేదా తొలగించిన వ్యక్తికి రావలసిన జీతం రెండు పనిదినాల్లో తేల్చాలి.

తప్పు చేశాడని కార్మికుణ్ణి ఆ పూటే గేటు బయటికి పంపడం యజమానులు చేసే అతి ఖరీదైన పొరపాటు. ముందు చార్జిషీటు ఇవ్వాలి. సంజాయిషీ తీసుకోవాలి. తగాదాలో లేనివారితో విచారణ జరిపించి, సాక్షులను ప్రశ్నించే అవకాశం అతనికి ఇవ్వాలి. ఈ మెట్లు దాటకపోతే, సవాలు చేసినప్పుడు తొలగింపు నిలవడం కష్టం. తేదీ, షిఫ్టు, జరిగిన సంగతి పొల్లుపోకుండా తెలుగులో చార్జిషీటు రాయగల హెచ్‌ఆర్ ఉద్యోగికి సిమెంటు ఫ్యాక్టరీలో విలువ ఉంటుంది.

బియ్యం బస్తా మీది పేరు మిల్లుకు ఆస్తి. దాన్ని 1999 ట్రేడ్‌మార్కుల చట్టం కింద నమోదు చేయించవచ్చు. బియ్యానికి 30వ తరగతి, సిమెంటుకు 19వ తరగతి. గడువు 10 ఏళ్లు, తర్వాత మళ్లీ పొడిగించుకోవాలి. బెంగళూరు అగరుబత్తి సంస్థ ఒకటి ‘ఈనాడు’ పేరు వాడితే పత్రిక యాజమాన్యమైన ఉషోదయా ఎంటర్‌ప్రైజెస్ కోర్టుకెక్కింది. పత్రికకూ అగరుబత్తికీ పొంతన లేకపోయినా, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పేరు వాడకూడదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. బస్తా మీది బొమ్మ సంగతి వేరు. జీతానికి ఉన్న ఉద్యోగి గీస్తే, ఒప్పందంలో మరోలా లేకుంటే, కాపీరైట్ యజమానిది. బయటి డిజైనరు గీస్తే హక్కును రాతపూర్వకంగా రాయించుకోవాలి, డబ్బు చెల్లించిన రసీదు చాలదు.

కోర్టులో వాదించాలంటే ఇంటర్ తర్వాత ఐదేళ్ల, డిగ్రీ తర్వాత మూడేళ్ల లా కోర్సు ఉంది. ప్రవేశం లాసెట్ ద్వారా, హైదరాబాద్ నల్సార్‌కైతే క్లాట్ ద్వారా. పట్టా తర్వాత బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుని ఆలిండియా బార్ పరీక్ష రాయాలి. సైన్స్, ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవారు లా చదవకుండానే పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయవచ్చు. 21 ఏళ్లు నిండాలి. ట్రేడ్‌మార్కు ఏజెంట్ పరీక్షకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. బీకాం చదివినవారికి పీఎఫ్, ఈఎస్ఐ రిటర్నులు దాఖలు చేసే పని దగ్గర్లోనే దొరుకుతుంది. ఇంటర్ తర్వాత కంపెనీ సెక్రటరీ కోర్సుకు దారి ఉంది. ప్రభుత్వ కొలువు కోరేవారికి గ్రూప్-2లో అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ పోస్టులుంటాయి.

ఏ దారి ఎంచుకున్నా భాగస్వామ్య చట్టంతో చదువు మొదలుపెట్టడం మంచిది. అందులో ఉన్నవి 74 సెక్షన్లే, పాఠం ఇండియా కోడ్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది.