పండుగ బల్లకు పట్టీ, పూలు

డిసెంబరు 25 క్రిస్మస్. నెల మొదలవగానే క్రైస్తవుల ఇళ్ల ముందు రంగు కాగితాల నక్షత్రాలు వెలుగుతాయి. గోడలకు సున్నాలు వేస్తారు. పిండివంటలు చేస్తారు. ఇంటికి వచ్చినవారికి బల్ల మీద కేకు, అరిసెలు పెడతారు.

ఆ బల్లకు కూడా పండుగ బట్ట ఉండాలి కదా! బజారులో కొననక్కరలేదు. మిషను అక్కరలేదు. సూది, దారం, కొలత తెలిస్తే చాలు.

ఎవరి మూర?

నరసాపురం దగ్గర ఒక పల్లె. ఆ ఇంట్లో అత్తా కోడళ్లు బల్ల కొలుస్తున్నారు.

"రెండు మూరలుందే!" అంది అత్త.

కోడలు కూడా కొలిచింది. "కాదు అత్తయ్యా, రెండు మూరల మీద బెత్తెడుంది."

ఇద్దరూ ఒకే బల్లను కొలిచారు. తేడా ఎందుకొచ్చింది? అత్త చెయ్యి పొడుగు. కోడలి చెయ్యి పొట్టి. మూర మనిషికో రకం. టేపు అందరికీ ఒకటే.

అత్త ఈమధ్యనే అంకెలు నేర్చుకుంది. టేపు పట్టి చదివింది. "ముప్పై ఆరు అంగుళాలు!"

కుట్టు టేపుకు ఒక వైపు 60 అంగుళాలు ఉంటాయి. రెండో వైపు 150 సెంటీమీటర్లు ఉంటాయి. 12 అంగుళాలు ఒక అడుగు. 36 అంగుళాలు ఒక గజం. మీటరంటే గజం కన్నా మూడు అంగుళాల పైచిలుకు ఎక్కువ.

ఎంత గుడ్డ కావాలి?

బల్ల నడుమ పొడుగ్గా పరిచే పట్టీ ఇది. రెండు కొసలా ఆరేసి అంగుళాలు కిందికి వేలాడాలి. అంచు మడతకు ప్రతి వైపూ ఒక అంగుళం పోతుంది.

పొడవు: 36 + 6 + 6 + 1 + 1 = 50 అంగుళాలు
వెడల్పు: 12 + 1 + 1 = 14 అంగుళాలు

మీటరుంపావు కొంటే సరిపోదు. అది 49 అంగుళాల చిల్లరే. అంగుళం లోపే తక్కువైనా కొలత చెడుతుంది. మీటరున్నర కొనండి. గుడ్డ పన్నా 36 అంగుళాలుంటే అందులో రెండు పట్టీలు వస్తాయి. ఒకటి మీకు, ఒకటి అమ్మకానికి.

కావలసినవి

ఎర్రటి నూలు గుడ్డ మీటరున్నర. పూలకు తెలుపు, ఆకుపచ్చ ముక్కలు. ఇవి దర్జీ దగ్గర మిగిలిన జాకెట్టు ముక్కలైనా పరవాలేదు. సూది, దారం, కత్తెర, చిన్న గుండీలు.

కత్తిరించక ముందే గుడ్డలన్నీ తడిపి ఆరవేయండి. కొత్త గుడ్డ కుంచించుకుపోతుంది. ఎరుపు రంగు దిగుతుంది. కుట్టాక రంగు దిగితే తెల్లపూలు పాడవుతాయి.

పట్టీ కుట్టడం

1. అంచును అర అంగుళం మడవండి. మళ్లీ అర అంగుళం మడవండి. కత్తిరించిన కొస లోపలికి పోతుంది. పోగులు లేవవు.

2. మడత కదలకుండా పొడుగు టాకాలు వేయండి.

3. వెనకవైపు నుంచి హెమ్మింగు చేయండి. సూది గుడ్డలో ఒకటి రెండు పోగులే పట్టాలి. అప్పుడు ముందువైపు కుట్టు కనబడదు.

4. నాలుగు వైపులా అయ్యాక టాకాలు తీసేయండి.

పూలు కుట్టడం

1. నాలుగు అంగుళాల డబ్బా మూత గుడ్డ మీద బోర్లించండి. చుట్టూ సుద్దతో గీసి, గుండ్రంగా కత్తిరించండి.

2. చుట్టూ పావు అంగుళం లోపలికి మడుస్తూ, మడత మీద చిన్న కుట్లు వేయండి. దారం రెండు పేటలు ఉండాలి.

3. మొదలుపెట్టిన చోటికి వచ్చాక దారం మెల్లగా లాగండి. సంచి మూతి ముడుచుకున్నట్టు గుడ్డ ముడుచుకుంటుంది. ముడి వేయండి.

4. అరచేత్తో అదమండి. కుచ్చుల పువ్వు తయారు! నడుమ గుండీ కుట్టండి.

పువ్వు సుమారు ఒకటిముప్పావు అంగుళం వస్తుంది. పట్టీ ఒక్కో కొసకు ఆరు పూలు పడతాయి. రెండు కొసలకు 12 పూలు.

జాగ్రత్త

కొవ్వొత్తిని పట్టీ మీద పెట్టకండి. పళ్లెంలో నిలబెట్టి, గుడ్డకు దూరంగా ఉంచండి. లేచి వెళ్లేటప్పుడు ఆర్పండి. కుట్టు అయ్యాక సూదులు లెక్కపెట్టుకోండి. ఇంట్లో పాకే పిల్లలుంటారు.

చేతి పనికి కూలి ఉంది

పట్టీ అమ్మితే ధర ఎంత చెప్పాలి? ఈ లెక్క నేర్చుకోవడానికి మాత్రమే. మీ ఊరి ధరలు మీరు వేసుకోండి.

మీటరు 100 రూపాయలైతే మీటరున్నర 150. రెండు పట్టీలకు కనుక ఒక్కోదానికి 75.

గుడ్డ: 75 రూపాయలు
దారం, గుండీలు: 15 రూపాయలు
సరుకు ఖర్చు: 90 రూపాయలు
అంచుకు 2 గంటలు, పూలకు 3 గంటలు: మొత్తం 5 గంటలు
గంటకు 40 చొప్పున కూలి: 200 రూపాయలు
మొత్తం: 290 రూపాయలు

షావుకారు వచ్చి, "150 ఇస్తానమ్మా" అన్నాడనుకోండి. 150లో 90 సరుకుకే పోయింది. మిగిలింది 60. ఐదు గంటలకు పంచితే గంటకు 12 రూపాయలు! ఇవ్వడం, ఇవ్వకపోవడం మీ ఇష్టం. లెక్క తెలిసి నిర్ణయించుకోండి.

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం లేసు అల్లికలకు పేరుపడిన ఊరు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు అక్కడి ఆడవాళ్లకు ఈ పని నేర్పారు. ఆ లేసు విదేశాలకు వెళ్లింది. వ్యాపారులు బాగుపడ్డారు. అల్లిన చేతులకు దక్కింది కొంచెమే.

జర్మనీకి చెందిన మరియా మీస్ అక్కడి లేసు ఆడవాళ్ల గురించి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఆమె చెప్పింది ఇది: వీళ్లు రోజూ గంటల తరబడి పనిచేస్తున్నారు. అయినా అందరూ దాన్ని "ఇంట్లో ఆడవాళ్ల తీరిక పని" అంటున్నారు. తీరిక పని అన్నారు కనుకే కూలి తక్కువ.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకు విలువ వచ్చింది. అల్లిన గంటలకూ విలువ రావాలి. అందుకు ముందు ఆ గంటలను మనమే కాగితం మీద రాయాలి.

మాట్లాడుకోండి

1. మీరు ఇంట్లో కూర్చుని చేసే పనికి గంటకు ఎంత పడుతోంది?
2. "తీరిక పని" అన్న మాట ఎవరికి లాభం?
3. నలుగురు కలిసి సరుకు కొంటే, కలిసి ధర చెబితే ఏమవుతుంది?

చేయండి, రాయండి

1. మీ ఇంటి తలుపు వెడల్పును మూరతో కొలవండి. టేపుతో కొలవండి. రెండూ రాయండి.
2. బల్ల పొడవు 48 అంగుళాలు. పట్టీకి ఎంత గుడ్డ కావాలి? మీటరున్నర, అంటే 59 అంగుళాలు, చాలుతుందా?
3. ఒక పట్టీ కుట్టండి. మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ రాసుకోండి. ధర కట్టండి.