ప్రశ్నలు – జవాబులు: పైపులైను కొలువులు

ప్రశ్న: ఐటీఐ ఫిట్టర్ పూర్తిచేశాను. పదిహేను రోజుల్లో పైపులైను టెక్నీషియన్ సర్టిఫికెట్ ఇచ్చి గల్ఫ్‌కి పంపిస్తామంటూ ఒకాయన ఎనభై వేలు అడుగుతున్నాడు. కట్టమంటారా?
– ఒక నిరుద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: వద్దు. ప్రభుత్వ రంగ చమురు కంపెనీలు పెట్టిన స్కిల్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ విశాఖలో ఉండగా ఆ ఎనభై వేల మాటెందుకు?

ప్రశ్న: మా అబ్బాయికి లైన్ వాకర్ పని దొరికింది. రోజూ పైపులైను వెంట నడిచి రావడమే పని. దానికి నాలుగు రోజులు కూర్చోబెట్టి పాఠాలు చెబుతున్నారు, ఆ రోజులకు జీతం లేదు. నడవడానికి కూడా ట్రైనింగా?
– ఒక తండ్రి, అంబాజీపేట

జవాబు: ఈ ప్రశ్న ఇంకెక్కడి నుంచి వచ్చినా సరిపెట్టుకోవచ్చు, కోనసీమ నుంచి రాకూడదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపులైను పేలింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్లతో పాటు కొబ్బరిచెట్లూ మాడిపోయాయి. తేమ లేని గ్యాస్ కోసం వేసిన 18 అంగుళాల లైనులో తడి గ్యాస్ పంపారనీ, అందులోని నీరు ఇనుమును లోపలి నుంచి తినేసిందనీ పెట్రోలియం శాఖ వేసిన కమిటీ తేల్చింది. లీకవుతోందని ముందే మొత్తుకున్నామన్నది ఊరివాళ్ల ఆరోపణ.

లోపలి తుప్పు లైన్ వాకర్ కంటికి కనబడదు, నిజమే. దానికి అయస్కాంతాలు బిగించిన యంత్రాన్ని లైనులోకి వదులుతారు. ‘స్మార్ట్ పిగ్’ అంటారు. అది ఈ చివర నుంచి ఆ చివరికి పోతూ ఎక్కడ గోడ పలచబడిందో నమోదు చేస్తుంది. అయితే అది ఏళ్లకోసారి పోతుంది, వాకర్ రోజూ పోతాడు. చుట్టూ పచ్చగా ఉన్న గడ్డి ఒక్కచోటే ఎండిపోవడం, బోదెలో ఆగకుండా బుడగలు, నీటి మీద రంగురంగుల తెట్టె, నిన్న లేని తవ్విన మట్టి, రాత్రికి రాత్రి లేచిన పాక... వీటిలో ప్రతిదానికీ ఒక అర్థం ఉంది. లైను పక్కన పాక వేసుకుని, పైపుకి కన్నం పెట్టి పెట్రోలు లాగే దొంగలు దేశమంతటా ఉన్నారు. పైగా పెద్ద లైన్లలో పోయే గ్యాస్‌కి చాలాచోట్ల వంటగ్యాస్ వాసన కలపరు. అక్కడ ముక్కుని నమ్ముకుంటే కుదరదు.

ఇక లైను పొడుగునా నిలబెట్టిన టెస్ట్ పోస్టుల సంగతి. తుప్పు పట్టకుండా పైపుకి ఎప్పుడూ కొద్దిపాటి కరెంటు ఇస్తుంటారు. అది అందుతోందో లేదో టెక్నీషియన్ చూస్తాడు. పోస్టు మూత తీసి, మైలుతుత్తం ద్రావణం నింపిన చిన్న గొట్టాన్ని నేలకి ఆనించి, మీటరు చదువుతాడు. వేసవిలో నేల బీటలు తీసి ఉంటే ముందు చెంబెడు నీళ్లు పోయాలి, లేకపోతే మీటరు అబద్ధం చెబుతుంది. మైనస్ 0.85 వోల్టులో, అంతకన్నా ఎక్కువ మైనస్సో ఉంటే మంచిదే. మైనస్ 0.60 అని వస్తే పూత ఊడిందనో, కరెంటు అందడం లేదనో అనుమానించాలి. ఆ అంకె ఎందుకో చెప్పకుండా రాసుకు రమ్మంటే, చెట్టు కింద కూర్చుని పోయిన నెల అంకె దించేసేవాళ్లు తయారవుతారు. తప్పు వాళ్లదొక్కటే కాదు.

చూడటం నేర్పితే సగమే అయినట్టు. చూసింది చెప్పడం, ఆ మాట వినడం నేర్పాలి. 2010 జూలై 25న అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని మార్షల్ దగ్గర ఎన్‌బ్రిడ్జ్ కంపెనీ ముడిచమురు లైను చీలింది. కంట్రోల్ రూములో అలారాలు మోగాయి. లైనులో చమురు ధార తెగి ఖాళీ ఏర్పడి ఉంటుందిలే అనుకుని, పంపులు రెండుసార్లు మళ్లీ నడిపారు. కారిపోయిన చమురులో 81 శాతం ఆ రెండుసార్లలో పోయిందే. 17 గంటల తర్వాత లీకు సంగతి చెప్పింది కంపెనీ మనిషి కూడా కాదు, వేరే గ్యాస్ కంపెనీ ఉద్యోగి ఫోన్ చేసి చెప్పాడు. అక్కడ కూర్చున్నవాళ్లు చదువురాని వాళ్లు కారు. అనుమానం వస్తే ఆపెయ్యాలన్న అలవాటు వాళ్లకి పడలేదు.

నాలుగు రోజులు ఎక్కువని ఈ తండ్రి బాధ. నాలుగు రోజులు ఏ మూలకి? ఆ రోజులకు జీతం మాత్రం గట్టిగా అడగాల్సిందే.

ప్రశ్న: పదేళ్లుగా వెల్డర్ని. బాయిలర్ పైపులు కూడా చేశాను. పైపులైను రిపేరుకి మళ్లీ టెస్టు పెడతామంటున్నారు. ఇది అవమానం కాదా?
– ఒక వెల్డరు, గాజువాక

జవాబు: బాయిలర్ని ఆపి, చల్లార్చి అతుకుతారు. పైపులైను మీద స్లీవ్ (ఉక్కు తొడుగు) వేసేటప్పుడు చాలాసార్లు లోపల చమురు పారుతూనే ఉంటుంది. గోడ పలచగా ఉంటే ఆర్క్ లోపలికి దిగి కన్నం పడుతుంది. అందుకే రాడ్డు ముట్టించక ముందే అల్ట్రాసోనిక్ మీటరుతో మందం కొలుస్తారు, 6.4 మి.మీ. లోపు ఉంటే మరీ జాగ్రత్త. ఇంకో పక్క, పారే చమురు వేడిని లాగేసి అతుకుని చప్పున చల్లారుస్తుంది, అది పెళుసెక్కి తర్వాతెప్పుడో పగులుతుంది. దీనికి లో-హైడ్రోజన్ రాడ్లు కావాలి, అవీ ఓవెన్లోంచి వేడివేడిగా తీసినవి. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి ఏపీఐ 1104 ప్రమాణంలో నడుస్తున్న లైను మీది వెల్డింగ్‌కి విడిగా ఒక అనుబంధమే ఉంది. అమెరికాలోనైతే 1999 నాటి నిబంధన ప్రకారం మనిషికి మొత్తంగా కాదు, పని పనికీ విడిగా అర్హత చూడాలి. టెస్టు పెట్టకుండా లైను మీదికి పంపే కాంట్రాక్టరు దొరికితే అప్పుడు భయపడాలి ఈ వెల్డరు గారు.

ప్రశ్న: మా అమ్మాయి ఎన్‌డీటీ కోర్సు చేస్తానంటోంది. రేడియేషన్ ఉంటుందటగా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: ఎన్‌డీటీ అంటే లోహాన్ని పాడుచేయకుండా లోపాలు పట్టే పరీక్షలు. వాటిలో రేడియేషన్ రేడియోగ్రఫీలోనే ఉంటుంది, అల్ట్రాసోనిక్‌లోనూ డై పెనెట్రెంట్‌లోనూ లేదు. రేడియోగ్రఫీకి వెళ్లినా అణుశక్తి నియంత్రణ బోర్డు నిబంధనలున్నాయి. ఒంటిమీద డోసు కొలిచే బ్యాడ్జి లేకుండా సైటులో నిలబెడితే ఆ కంపెనీ మొహం మళ్లీ చూడక్కర్లేదు.

ప్రశ్న: మా పొలంలోంచి పైపులైను పోతోంది. వరి గిట్టడం లేదు, రొయ్యల చెరువు తవ్వించుకోవచ్చా?
– ఒక రైతు, రాజోలు

జవాబు: లైను పోయే ఆ పట్టీలో కుదరదు. 1962 నాటి పైపులైన్ల చట్టం ప్రకారం భూమి రైతుదే, కానీ ఆ మేర ఇల్లు కట్టకూడదు, చెరువో బావో తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. వరి, మినుము వేసుకోవచ్చు.

పట్టీ దాటి తవ్వినా, పొక్లెయిన్ డ్రైవరుకి లైను ఎటు పోతుందో చూపించకుండా పని మొదలుపెట్టించకూడదు. అసలు పైపులైను శిక్షణ ముందు ఇవ్వాల్సింది ఈ డ్రైవర్లకే, అడిగేవాడు లేడు. అమెరికాలోని బెల్లింగ్‌హామ్‌లో 1994లో నీటిశుద్ధి కేంద్రం పనుల్లో తవ్వే యంత్రం పెట్రోలు లైనుని గీరింది. తర్వాతి తనిఖీల్లో తేడా కనిపించినా ఎవరూ తవ్వి చూడలేదు. 1999 జూన్ 10న అక్కడే లైను పగిలి రెండు లక్షల గ్యాలన్లకు పైగా పెట్రోలు వాగులోకి చేరి అంటుకుంది, ఇద్దరు పదేళ్ల పిల్లలు, వాగులో చేపలు పడుతున్న ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాడు పోయారు. బకెట్ పళ్లు తగిలితే మట్టి కప్పేసి ఊరుకోకుండా, గట్టు మీది హెచ్చరిక బోర్డుపై ఉన్న నంబరుకి ఆ క్షణమే ఫోన్ చెయ్యాలి. బోర్డు మీద అంకెలు చెరిగిపోయి ఉంటే, రోజూ అటు నడిచే లైన్ వాకర్ నంబరు ఇవాళే అడిగి రాసుకోవాలి.