బైసికిలు యాత్రయు పరోపకారమును

ధర్మకార్యమునకు ధనమీయదలచినవారు దానిని నేరుగా నీయవచ్చును గదా! అందులకై వందలకొలది మైళ్లు బైసికిలు త్రొక్కుట యేల? విద్యార్థులకు ఈ సందేహము కలుగుట సహజము. దీనికి సమాధానము వెదకుటకై, నిజముగా జరిగిన యొక యాత్రలోని యొక దినమును మేమిచ్చట వివరించుచున్నాము.

అమెరికా దేశమునందలి కాలిఫోర్నియా రాష్ట్రములో ‘ఎయిడ్స్ లైఫ్‌సైకిల్’ అను యాత్ర 2002వ సంవత్సరమున ఆరంభమై, నడుమ మహమ్మారి కాలమున ఆగినను, 2025 జూను నెలతో ముగిసెను. 1994లో మొదలైన వేరొక యాత్ర దీనికి పూర్వరూపము. శాన్‌ఫ్రాన్సిస్కో నుండి లాస్ ఏంజెలిస్ వరకు సుమారు 545 మైళ్ల దూరమును యాత్రికులు ఏడు దినములలో గడచుచుండిరి.

ఎయిడ్స్ వ్యాధిని వైద్యులు 1981లో మొదట గుర్తించిరి. పెక్కు మందులను కలిపి యిచ్చు సమర్థమైన చికిత్స 1996 ప్రాంతమున గాని లభింపలేదు. స్పర్శవలన ఈ వ్యాధి అంటదు. అయినను ఆ దినములలో భయముచే రోగిని తాకుటకు వెనుదీసినవారును, కన్నబిడ్డలనే విడిచిపెట్టినవారును కలరు. కావున రోగులకు ఔషధమెంత యవసరమో, తమ్మెవరును విడువలేదను ధైర్యము నంత యవసరమయ్యెను.

మూడవ దినపు ప్రయాణము కింగ్ సిటీ నుండి పాసో రోబుల్స్ వరకు, సుమారు 65 మైళ్లు. యాత్రికులు గుడారములలో నిద్రించి, ప్రొద్దుననే లేచి, వానిని మడిచి బండ్లకెక్కింతురు. వంటకు, సామానులు మోయుటకు, గాయములు కట్టుటకు వేరుగా సేవకులు వచ్చియుందురు. వీరు బైసికిలు ఎక్కరు, జీతము పుచ్చుకొనరు. వీరు లేనిచో యాత్ర యొక్క దినమైనను సాగదు.

ఊరు దాటిన కొంతసేపటికే ‘క్వాడ్‌బస్టర్’ అను పెద్ద మిట్ట యెదురగును. తొడకండరములను విరుగగొట్టునదని దాని భావము. దీని నెక్కుటకు బలము మాత్రమే చాలదు, ఉపాయము కావలెను. ముందు చిన్న పళ్లచక్రమును, వెనుక పెద్ద పళ్లచక్రమును గొలుసునకు తగిలించినచో, కాలు ఎక్కువసార్లు తిరుగును గాని ఒక్కొక్క త్రొక్కుడునకు కావలసిన బలము తగ్గును. చేయవలసిన పని తగ్గలేదు. చిన్న చిన్న భాగములుగా పంచబడినది. కొండదారులను మెలికలుగా వేయుటయు నిందుకే.

దారిలో నియమములు కలవు. ఒకరి వెనుక నొకరు పోవలెను. ముందువాని చక్రమునకు మిక్కిలి చేరువగా పోరాదు. ఒకరిని దాటునపుడు ఎడమప్రక్కనుండి వచ్చుచున్నానని కేకవేయవలెను. దప్పిక కాకముందే నీరు త్రాగవలెను. అలసినవారిని ఎక్కించుకొనుటకు వెనుక బండ్లు వచ్చును. వానిలో నెక్కుట అవమానము కాదు. ఇది పందెము కాదు గనుక ముందు చేరినవారికి బహుమానము లేదు.

మధ్యాహ్నమునకు బ్రాడ్లీ అను చిన్న గ్రామము వచ్చును. అచ్చటి జనసంఖ్య నూరుకు మించదు. అందొక చిన్న బడి కలదు. ఆ బడివారును తలిదండ్రులును మాంసమును నిప్పులపై కాల్చి, రొట్టెలలో నుంచి యాత్రికులకు విక్రయించుచుండిరి. ఆ సొమ్ము పిల్లల విహారయాత్రలకును, బడి కార్యములకును వినియోగమయ్యెను. ఎన్నడును చూడని రోగులకై బయలుదేరినవారు, తామెరుగని పిల్లలకును తోడ్పడిరి. ఆ గ్రామస్థులును ఊరక చేయి చాపలేదు. ఎండలో వచ్చినవారికి అన్నము పెట్టి సొమ్ము గైకొనిరి.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. పెక్కు సంవత్సరములు ప్రతి యాత్రికుడును కనీసము 3,000 డాలర్లు ప్రోగుచేయవలెనను నిబంధన యుండెను. సామాన్యునికది పెద్ద మొత్తము. కావున అతడు బంధుమిత్రుల నాశ్రయించును. అతని శ్రమను చూచి వారు తమకు తోచినది యిత్తురు. అడిగిన ప్రతిచోటను ఆ వ్యాధిని గూర్చిన మాట యెత్తవలసివచ్చును. దాచబడిన మాట ఇట్లు ఇంటింట వినబడెను. పూర్వయాత్రతో కలిపి 30 కోట్ల డాలర్లకు పైగా సమకూడెను. శాన్‌ఫ్రాన్సిస్కోలోను లాస్ ఏంజెలిస్‌లోను గల రెండు సంస్థలు ఈ ధనమును పరీక్షలకును, చికిత్సకును, వ్యాధి నివారణకును వినియోగించినవి.

అయితే గుడారములకు, భోజనమునకు, బండ్లకు వ్యయము తప్పదు. పాల్గొనువారు తగ్గి, వ్యయము పెరుగుటచే నిర్వాహకులు 2025తో యాత్రను ముగించిరి. ధర్మమునకు ఉత్సాహమెంత ముఖ్యమో లెక్కయు నంత ముఖ్యము. రోగికి చేరవలసిన రూకను ఉత్సవమే తినివేసినచో ఆ ఉత్సవమును ఆపుటయే న్యాయము.

విద్యార్థులారా! మీరును వరదబాధితులకో, తోటి పేదవిద్యార్థి పుస్తకములకో చందాలు ప్రోగుచేయునపుడు ముందుగా మూడు సంగతులు విచారింపుడు. ఈ సొమ్ము ఎవరికి చేరును? ఖర్చులుపోగా ఎంత మిగులును? మనలో బలహీనుడైనవాడు ఈ పనిలో మనతోకూడ నడువగలడా? ఈ మూడింటికిని ఉత్తరములు వ్రాసి, ఎల్లరు చూచునట్లు గోడకంటించి, పిదప పనికి బయలుదేరుడు.