ఎముకల పిండి వెళ్లే దారులు

చిరంజీవి అమ్మడికి,

నీ ఉత్తరం అందింది. "అంత వేడిలో ఉడికించాక కూడా రోగం ఎలా మిగులుతుంది పెదనాన్నా? చచ్చిన పశువు మీద ఇన్ని నిబంధనలెందుకు?" అని అడిగావు. పరీక్షకైతే రెండు వాక్యాలు చాలు. నువ్వు రేపు కబేళాలకీ దాణా మిల్లులకీ తనిఖీకి వెళ్లాల్సినదానివి కాబట్టి, పిచ్చి ఆవు రోగం వచ్చినప్పుడు బ్రిటన్‌లో ఏం జరిగిందో కాస్త వివరంగా చెబుతాను.

పశువును కోశాక మనిషి తినేది కొంతే. తల, పేగులు, ఎముకలు, కొవ్వు మిగిలిపోతాయి. వాటిని ఉడికించి, కొవ్వు తీసేసి, మిగతాది ఎండబెట్టి పొడి చేస్తే మాంసకృత్తులు దండిగా ఉన్న పిండి వస్తుంది. పారేస్తే కంపు, వాడుకుంటే డబ్బు. అక్కడి పాడి రైతులు దశాబ్దాలపాటు దాన్ని ఆవులకీ దూడలకీ దాణాలో కలిపి పెట్టారు. వాళ్లలో దురుద్దేశం ఏమీ లేదు. దాణా బస్తాలో ఏ ఏ సరుకులు కలిశాయో చాలామందికి తెలియను కూడా తెలియదు.

1984 చివర్లో ససెక్స్‌లో ఒక ఆవు వెన్ను వంచుకుని, తల వణికిస్తూ చిక్కిపోయింది. కొన్ని వారాలకే చనిపోయింది. అలాంటివే మరికొన్ని కనబడ్డాక, 1986 నవంబరులో వేబ్రిడ్జ్ ప్రయోగశాల దీన్ని కొత్త రోగంగా గుర్తించింది. మెదడు కణజాలం నిండా చిల్లులు. జాన్ వైల్‌స్మిత్ అనే ఎపిడెమియాలజిస్టు రోగం వచ్చిన మందల వివరాలన్నీ సేకరించి, మందులు, టీకాలు, దిగుమతులు ఒక్కొక్కటే పక్కన పెడుతూ వచ్చాడు. చివరికి అన్నిటికీ ఉమ్మడిగా మిగిలింది దాణాలోని ఆ పిండే. 1988 జులై 18 నుంచి నెమరువేసే పశువులకు నెమరు పశువుల పిండి పెట్టకూడదని ప్రభుత్వం నిషేధించింది.

ఇక వేడి సంగతి. ఇది బాక్టీరియా కాదు, వైరస్ కాదు. ప్రియాన్ అనే, మడత తప్పిన ప్రొటీన్. తన పక్కనున్న మంచి ప్రొటీన్‌ను కూడా తనలాగే మార్చేస్తుంది. 133 డిగ్రీల వేడి, 3 బార్ల పీడనంలో 20 నిమిషాలు ఉంచినా దాని శక్తి బాగా తగ్గుతుందే కానీ పూర్తిగా పోతుందన్న భరోసా లేదు. పైగా రోగం బయటపడేసరికి సగటున నాలుగైదేళ్లు పడుతుంది. అంటే ఆవు పడిపోయి నువ్వు కళ్లారా చూసే రోజుకి, దాన్ని ముట్టించిన బస్తా ఎప్పుడో ఖాళీ అయిపోయి ఉంటుంది.

నువ్వు బాగా గుర్తుపెట్టుకోవాల్సింది నిషేధం తర్వాతి కథ. 1988 తర్వాత పుట్టిన ఆవుల్లో 40,000కు పైగా మళ్లీ ఇదే రోగంతో పడ్డాయి. చట్టం ఉంది కదా, మరి ఎలా? పందులకీ కోళ్లకీ ఆ పిండి పెట్టడం అప్పట్లో తప్పు కాదు. దాణా మిల్లులో పంది దాణా కలిపిన యంత్రంలోనే ఆ తర్వాత ఆవు దాణా కలిపేవారు. మోసే లారీ అదే, పోసే గొట్టం అదే. మూలల్లో అంటుకున్న పొడి ఎంతుంటుందిలే అనుకున్నారు. రోగం సోకిన మెదడు ఒక్క గ్రాము కడుపులోకి వెళ్లినా ఆవుకి రోగం వస్తుందని ప్రయోగాల్లో తేలేసరికి ఆలస్యమైపోయింది. మెదడు, వెన్నుపాము, ప్లీహం, టాన్సిల్స్ వంటివి మనిషి తిండిలోకి రాకుండా 1989 నవంబరులో ఆపారు. పశువుల దాణాలోకి రాకుండా ఆపడానికి 1990 సెప్టెంబరు దాకా పట్టింది. కాగితం మీద ఆపినా, 1995లో చెప్పకుండా వెళ్లి చూస్తే కొన్ని కబేళాల్లో కోసిన పశువులకు వెన్నుపాము ముక్కలు ఇంకా అంటుకునే ఉన్నాయి.

పరిహారం గురించి కూడా చెప్పాలి. రోగమొచ్చిన ఆవుకి మొదట సగం ధరే ఇచ్చారు. 1990 ఫిబ్రవరిలో పూర్తి ధర చేశారు. సగం ధర ఇస్తామంటూ రైతు నోరు విప్పాలనుకోవడం అన్యాయం అని నా గట్టి అభిప్రాయం. మనకి మొదటి కబురు అందేది రైతు నుంచే.

1996 మార్చిలో ఈ రోగం మనుషులకూ సోకినట్టుందని బ్రిటన్ ప్రభుత్వం పార్లమెంటులో ఒప్పుకుంది. ఆ తర్వాతే క్షీరదాల మాంసం, ఎముకల పిండిని పందులూ కోళ్లతో సహా పెంపుడు పశువులన్నిటికీ నిషేధించారు. యంత్రంలో కలిసిపోయే దారి అప్పుడు మూసుకుంది. మొత్తం మీద లక్షా ఎనభై వేలకు పైగా పశువులు రోగం పాలయ్యాయి. బ్రిటన్‌లోనే 178 మంది మనుషులు చనిపోయారు, వాళ్లలో నీ వయసు వాళ్లు ఎక్కువ.

యూరప్ 2002లో చేసి, 2009లో తిరగరాసిన చట్టం ఈ అనుభవం నుంచే వచ్చింది. మిగులు సరుకును ప్రమాదాన్నిబట్టి మూడు తరగతులు చేశారు. మొదటిది ప్రధానంగా కాల్చేయడానికి, రెండోది ఎరువుకో గ్యాస్‌కో, మూడోదే శుద్ధి చేశాక దాణాకి. మొదటి రెండూ మూడోదాంట్లో కలిస్తే తెలిసిపోయేలా వాటిలో జీటీహెచ్ అనే గుర్తు రసాయనం కలుపుతారు. నాకు ఆ చట్టంలో బాగా నచ్చింది ఇదే. మనిషి మాట మీద ఆధారపడకుండా, కలిసిందో లేదో సరుకే చెబుతుంది. నువ్వు ఏ మిల్లుకి వెళ్లినా రిజిస్టరు కంటే ముందు యంత్రాలు లెక్కపెట్టు. రెండు రకాల దాణాకి ఒకటే మిక్సరుంటే, మధ్యలో ఎలా శుభ్రం చేస్తున్నారో నీ ఎదుట చేసి చూపించమను.

మన దేశంలో ఈ పిచ్చి ఆవు రోగం నమోదు కాలేదు. కానీ దొమ్మ రోగం (ఆంత్రాక్స్) మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అప్పుడప్పుడూ వస్తూనే ఉంది. దొమ్మతో చచ్చిన పశువును కోస్తే, గాలి తగిలి ఆ క్రిమి స్పోర్లుగా మారి మట్టిలో దశాబ్దాలు ఉండిపోతుంది. తోలుకీ ఎముకలకీ అంటుకుని ఊరు దాటుతుంది. పశువు హఠాత్తుగా చచ్చి, ముక్కు నుంచో ఆసనం నుంచో గడ్డకట్టని నల్ల రక్తం కారుతుంటే కత్తి ముట్టుకోకు. చెవి నరం నుంచి రక్తపు చుక్క తీసి స్లైడు చెయ్యి, కళేబరం తెరవకుండా లోతుగా పూడ్పించు. 2009 నాటి పశు అంటురోగాల చట్టం ఆ అధికారాన్ని నీ చేతిలో పెట్టింది. పొలాల్లో ఎముకలు ఏరి అమ్ముకునేవాళ్లుంటారు. ఆ ఊళ్లో అందరికంటే ముందు వాళ్లింటికి వెళ్లి చెప్పు.

సెలవుల్లో వస్తే ఇంకా మాట్లాడుకుందాం.

ఇట్లు,
పెదనాన్న