హోమర్ బోర్డు, రాజాం చిట్టా

చిరంజీవి బుజ్జమ్మకి, పాలకొండ నుంచి మీ తాత ఆశీర్వదించి రాసేది.

మొన్న సంతకొచ్చిన మీ మావయ్య ఓ కబురు మోసుకొచ్చాడు. నువ్వు ఎమ్మెస్సీ లెక్కలు సగంలో వదిలేసి, యానిమేషన్ నేర్చుకోడానికి హైదరాబాదు పోతావట. ఆనాటి నుంచి మీ నాన్న అన్నం దగ్గర నోరు విప్పడం లేదు. మీ అమ్మ సంగతి సరేసరి. తాతకి బొమ్మల మీద కోపం లేదమ్మా. 2008లో వచ్చిన ఛోటా భీమ్‌ని తయారు చేసింది హైదరాబాదులోనే కదా, దేశంలో పిల్లలంతా చూశారు. తాత కోపమల్లా ఆ ‘సగంలో’ మీదే.

సంక్రాంతికి ఫోన్లో సింప్సన్స్ చూపించి, బొమ్మ ఆపి మరీ బోర్డు చదవమన్నది నువ్వే. 1998లో వచ్చిన ఆ భాగంలో పసుప్పచ్చ హోమర్ ఎడిసన్ అంతటివాణ్ణయిపోతానని బయల్దేరి, బోర్డు మీద నాలుగు వరుసలు రాస్తాడు. మొదటి వరుసే హిగ్స్ బోసాన్ బరువు. ఆ కణం ఉండాలని 1964లో పీటర్ హిగ్స్, మరికొందరు కాగితం మీద తేల్చారు. దాని పేరులోని బోసాన్ మన సత్యేంద్రనాథ్ బోస్ పేరిట వచ్చింది. అది దొరికిందని సెర్న్ వాళ్ళు ప్రకటించింది 2012 జూలై 4న. అంటే హోమర్ బోర్డు పద్నాలుగేళ్ళు ముందన్నమాట! అతని సూత్రం గుణిస్తే సుమారు 775 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు వస్తుంది, అసలుది 125 దగ్గర తేలింది. ఆరు రెట్లు ఎక్కువే అనుకో, అయినా కార్టూను మనిషికి అది తక్కువ ఘనతా? ఆ సూత్రం ఇచ్చింది కొలంబియా యూనివర్సిటీ ఖగోళ శాస్త్రజ్ఞుడు డేవిడ్ షిమినోవిచ్. అడిగి రాయించుకుంది ఆయన స్నేహితుడు, సీరియల్ రచయిత డేవిడ్ కోహెన్.

తలకి నూనె రాసుకుంటున్నావా? పండక్కి చూస్తే జుట్టంతా చీపురు పుల్లల్లా ఉంది.

అసలు సంగతి రెండో వరుసలో ఉంది. 3987 పన్నెండో ఘాతం, 4365 పన్నెండో ఘాతం కలిపితే 4472 పన్నెండో ఘాతం అని రాశాడు హోమర్. పది అంకెల కాల్క్యులేటర్ మీద ఆ మొత్తానికి పన్నెండో మూలం కొట్టి చూడు, నిక్షేపంగా 4472 అనే చూపిస్తుంది. అదే నిజమైతే రెండు దాటిన ఏ ఘాతానికీ ఇలా కుదరదన్న ఫెర్మా మాట పోయినట్టే, దానికి 1995లో అచ్చయిన ఆండ్రూ వైల్స్ రుజువూ పోయినట్టే. ఆ యంత్రాన్ని నమ్మకు బుజ్జమ్మా.

మీ తాత కుర్రతనంలో రాజాంలో గోగునార షావుకారు దగ్గర గుమస్తా. అప్పట్లో బళ్ళ మీద నార దిగుతుంటే బజారంతా ఒకటే వాసన, ఇప్పటికీ తలుచుకుంటే ముక్కులో ఆడుతుంది. ఆ షావుకారు పెద్దగా చదువుకోలేదు. మిల్లు నుంచి బిల్లు రాగానే అంకెలన్నీ విడివిడిగా కూడి, తొమ్మిదులు తీసేసి, మిగిలింది చూసేవాడు. ఓసారి చిట్టాకీ బిల్లుకీ పొత్తు కుదరలేదు. “ఏటీ లెక్క? కూడినోడెవుడు?” అని ఊరంతా వినేటట్టు అరిచాడు. మిల్లువాళ్ళ కూడికలోనే పొరపాటు తేలింది. ఆ పూట గుమస్తాలందరికీ పకోడీలు తెప్పించాడనుకో, అది వేరే కథ.

హోమర్ లెక్కకీ ఆ షావుకారు చెయ్యే చాలు. 3987 అంకెలు కూడితే 27, 4365వి కూడితే 18. రెండూ మూడు చేత తెగుతాయి, కాబట్టి వాటి ఘాతాలూ, ఆ ఘాతాల మొత్తమూ తెగాలి. 4472 అంకెల మొత్తం 17, తెగదు. అయిపోయింది, బోర్డు తప్పు! 1995లో అదే సీరియల్లో చూపించిన 1782, 1841, 1922 లెక్క ఇంకా తేలిక. సరిసంఖ్యకి బేసి కలిపితే బేసే వస్తుంది, 1922 ఘాతమేమో సరి. ఇలా అంచుదాకా వచ్చి తప్పిపోయే లెక్కల్ని పట్టడానికి కోహెన్ కంప్యూటర్ ప్రోగ్రామే రాశాడు. చేత్తో సరిచూసేవాళ్ళకి ఇట్టే దొరికే తప్పులవి. నువ్వు మాత్రం కూరగాయల బిల్లుకి కూడా ఫోను తీస్తావు. మీ అమ్మా అంతే. ఈ ఇంట్లో చేత్తో కూడేవాళ్ళు లేకుండా పోయారు.

మూడో వరుసలో విశ్వం చివరికి కుంచించుకుపోతుందా, సాగుతూనే ఉంటుందా అన్న లెక్కా, నాలుగోదాంట్లో డోనట్టుని బంతిగా మార్చే టోపాలజీ ఉన్నాయి. అవి నీ సిలబస్, తాతవి కావు.

బొమ్మల్లో ఇంత లెక్క ఇరికించినవాళ్ళెవరు? కోహెన్ హార్వర్డ్‌లో ఫిజిక్స్, బర్కిలీలో కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్. అల్ జీన్‌ది హార్వర్డ్ గణితం. కెన్ కీలర్ అప్లయిడ్ మ్యాథ్స్‌లో పీహెచ్‌డీ. ఈ కీలర్ 2010లో ఫ్యూచురామా అనే బొమ్మల సీరియల్ కథ కోసం ఏకంగా సిద్ధాంతమే రుజువు చేశాడు. ఆ కథలో ఒళ్ళు మార్చే యంత్రంలో ఒకే జంట రెండోసారి మారకూడదు. అయినా ఇద్దరు కొత్తవాళ్ళు తోడైతే చాలు, ఎన్ని ఒళ్ళు తారుమారైనా అందరూ ఎవరి ఒంట్లోకి వాళ్ళు చేరొచ్చన్నాడు. ఆ సీరియల్లోనే రోబో బెండర్‌కి వచ్చిన క్రిస్మస్ కార్డు మీద కొడుకు నంబరు 1729. రామానుజన్ టాక్సీ నంబరు కథ తెలిసినవాడు అక్కడ పక్కున నవ్వుతాడు, తెలియనివాడు మామూలుగా చూసుకుపోతాడు.

మనవాళ్ళకి ఈ సరదా కొత్తా? పావులూరి మల్లనదని చెప్పే చదరంగం పద్యంలో బాణాలంటే 5, చంద్రుడంటే 1, వేదాలంటే 4. కుడి నుంచి ఎడమకి పేర్చితే 18446744073709551615 వస్తుంది. అరవై నాలుగు గళ్ళలో ఒకటి, రెండు, నాలుగు అంటూ రెట్టిస్తూ పోతే తేలే గింజల మొత్తం అది. ఆ కవికి లెక్క రాకపోతే పద్యమెక్కడిది?

నువ్వు కూర్చున్న వాల్తేరు క్లాసులు చిన్నవేం కావమ్మా. గణితజ్ఞులు మీనాక్షిసుందరం గారు పాఠాలు చెప్పిన యూనివర్సిటీ అది. 1949లో ఆయన స్వీడన్ గణితజ్ఞుడు ప్లెయిజెల్‌తో కలిసి రాసిన వ్యాసం ఈనాటికీ ఫిజిక్సువాళ్ళ నోట ఉంది.

హాస్టల్ భోజనం సరిపడకపోతే చెప్పు. పలాస జీడిపప్పు, చోడిపిండి మావయ్య చేత పంపిస్తాను. బొమ్మలు గీస్తూనే ఉండు, వద్దనను. ఫైనల్ సెమిస్టర్ మాత్రం రాసెయ్యి. రాసిన మర్నాడే హైదరాబాదు వెళ్ళు, ఆ కోర్సు ఫీజు సగం మీ తాత కడతాడు. మీ నాన్నతో మాట్లాడే పని కూడా తాతకే వదిలెయ్యి.

ఇట్లు,
మీ తాత